గడియారం ల్యాప్ టైము

మా డిపోలో ఆయన్ని గడియారం అనేవాళ్ళు. ఇరవై ఏడో నంబరు రూటులో ఆయన బస్సు ఆసుపత్రి స్టాపు దాటిందంటే, ఎదురుగా ఉన్న మందుల షాపతను తలెత్తి చూడకుండానే ఎనిమిదీ పది అయిందని చెప్పేవాడు. నేను ఆ బస్సులో పదకొండేళ్ళు కండక్టరుగా చేశాను. రెండు చేతులతో టికెట్లు కొడుతూ, ఏ కమ్మీ పట్టుకోకుండా నడవలో నిలబడేవాణ్ణి. ఆ పదకొండేళ్ళలో ఆయన వేసిన బ్రేకుకు నేను ఒక్కసారి కూడా తూలలేదు. వేరే డ్రైవర్ల బస్సెక్కిన రోజున మాత్రం సాయంత్రానికి మోచేతులు కమిలిపోయేవి.

ఆయన బండి నడపడం మానేసిన రోజున కూడా నేను వెనకే ఉన్నాను. మధ్యాహ్నం మూడో ట్రిప్పు. పాలకేంద్రం స్టాపులో బస్సు ఎప్పటిలాగే గీత లోపల, అంచుకు జానెడు దూరంలో ఆగింది. జనం దిగారు, ఎక్కారు. నేను రెండుసార్లు బెల్లు కొట్టాను. బండి కదలలేదు. ఆయన ఇంజను ఆపేసి, హ్యాండ్ బ్రేకు లాగి, తాళం తీసి జేబులో వేసుకున్నాడు. ముందుకు వెళ్ళి చూస్తే కుడిచేత్తో కుడికన్ను మూసుకుని అద్దంలోంచి రోడ్డు వైపు చూస్తున్నాడు.

"తమ్ముడూ, ఎడమకంట్లో పైనుంచి నల్లగా ఏదో దిగుతోంది. అందర్నీ దింపేసి వెనకొచ్చే బస్సులో ఎక్కించు" అన్నాడు. గొంతులో ఏ తేడా లేదు.

కంటి వెనకపొర ఊడిపోయిందన్నారు డాక్టర్లు. రెండుసార్లు ఆపరేషన్ చేశారు. ఆ కన్ను వెలుగునైతే పసిగట్టగలిగింది కానీ మనిషిని గుర్తుపట్టే స్థితికి రాలేదు. పెద్దబండి నడపడానికి పనికిరాడని వైద్యుల బోర్డు తేల్చింది. అప్పటికి ఆయనకు యాభై ఒకటి. డిపోలోనే టైర్ల స్టోరులో వేశారు. వచ్చిన టైరు నంబరు రాసుకోవడం, అరిగిన టైరు ఏ పక్క అరిగిందో చూసి చీటీ కట్టడం, పదింటి నుంచి ఆరింటి దాకా అదే పని.

ఒక కన్ను పోతే ఒక పక్క కనపడదు, అంతేగా అనుకున్నాను నేను. దూరాలు కూడా పోతాయని ఆయన్ని చూశాకే తెలిసింది. గ్లాసులో నీళ్ళు పోస్తే పక్కన పోసేవాడు. మెట్టు ఇంకొకటి ఉందనుకుని నేలను తన్నేవాడు. కొన్నాళ్ళకు చెంబు మూతిని గ్లాసు అంచుకు ఆనించి, 'టక్' మని చప్పుడు వినిపించాకే వంచడం అలవాటు చేసుకున్నాడు. దాని గురించి ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంటికెళ్ళేటప్పుడు బస్సులో చోటున్నా కూర్చునేవాడు కాదు. వెనక తలుపు దగ్గర, రోడ్డుకు వీపు పెట్టి నిలబడేవాడు. ఆయన భార్య, నాకు వదిన, రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్. రోజుకు అరవై మందికి సూది గుచ్చే మనిషి, దేనికీ బెంబేలు పడే రకం కాదు. ఆమె కూడా ఒకరోజు నాతో, "ఈయన ఇంట్లో ఉన్నా ఉన్నట్టే లేదు. ఏదైనా మాట్లాడించు" అంది.

మాట్లాడించింది నేను కాదు, ఆయన చెల్లెలి కూతురు. ఆ అమ్మాయి ఒక యంత్రాల కంపెనీలో డ్రాయింగులు గీస్తుంది. కంప్యూటర్ మీద రేసింగ్ ఆమె పిచ్చి. పిల్లలాట లాంటిది కాదది. టేబుల్‌కు బిగించే నిజమైన స్టీరింగ్, కాళ్ళకింద పెడల్స్, తెర మీద నిజం రేసు ట్రాకుల కొలతలతో చేసిన దారులు. టైరు వేడెక్కడం, పెట్రోలు తగ్గేకొద్దీ బండి తేలికవడం, అన్నీ లెక్కకట్టి చూపిస్తుంది. ఒక్కొక్కరూ తమ ఇంట్లోనే కూర్చుని ఒకే ట్రాకు మీద పోటీ పడతారు.

ఒక ఆదివారం ఆమె మావయ్య ఇంటికొచ్చి తన పాత రేసొకటి ల్యాప్‌టాప్‌లో అత్తయ్యకు చూపిస్తోంది. నేనూ అక్కడే ఉన్నాను. గడియారం కాసేపు పక్కచూపులు చూసి, చివరికి ఉండబట్టలేక అడిగాడు.

"ఆ ముందు బండి నీకెంత దూరంలో ఉందో ఎలా తెలుస్తుంది?"

"తెలీదు మావయ్యా. తెర మీద లోతెక్కడిది? బండి సైజు పెరుగుతుంటే దగ్గరవుతున్నామని లెక్క. రోడ్డు పక్క బోర్డు చూసి బ్రేకు కొట్టడమే."

"రెండు కళ్ళున్నా అంతేనా?"

"ఎన్ని కళ్ళున్నా అంతే. తెర ముందు అందరిదీ ఒంటికన్నే."

ఆయన కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు. "కొంచెం జరుగు, చూడనీ" అన్నాడు. ఆ రేసు మొత్తం చూశాడు. మధ్యలో వదిన భోజనానికి రెండుసార్లు పిలిచింది, చెవిన పడలేదు.

మేనకోడలు కొత్త స్టీరింగ్ కొనుక్కుని పాతది తెచ్చి ఆయనకిచ్చింది. ముందుగదిలోని బరువైన చెక్క టేబుల్ అంచుకు దాన్ని బిగించారు. మొదటిరోజు జరిగింది తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆయన కూర్చున్నది కింద చక్రాలున్న కుర్చీ. మొదటి మలుపులో బలంగా బ్రేకు తొక్కేసరికి బండి ముందుకుపోయింది, కుర్చీ వెనక్కిపోయింది. ఆయన గోడకు ఆనుకుని ఆగాడు, తెర మీద బండి కూడా గోడకే ఆనుకుని ఆగింది. వదిన వంటింట్లోంచి తొంగిచూసి, "రెండిట్లో ఏది ముందు గుద్దుకుంది?" అంది.

మొదటి ల్యాపు, అంటే ట్రాకు చుట్టూ ఒక పూర్తి చుట్టు, రెండు నిమిషాల ముప్పై ఒక సెకను. మేనకోడలు అదే ట్రాకు మీద నిమిషం నలభై తొమ్మిదిలో తిరుగుతుంది. ఆమె ఆఫీసులోనే పనిచేసే కుర్రాడొకడున్నాడు, వాడు ఇంకా వేగం. తూటా అని పిలుస్తారు. నిమిషం నలభై ఎనిమిదీ ముప్పావు.

గడియారం మొట్టమొదట కూర్చోవడం సంగతి చూసుకున్నాడు. చక్రాల కుర్చీ తీసేసి భోజనాల కుర్చీ వేశాడు. పెడల్స్ ముందుకు జారకుండా వాటికీ గోడకూ మధ్య ఒక పలక కొలిచి కోసి పెట్టాడు. తెరను దూరంగా ఉన్న అల్మరా మీంచి దించి స్టీరింగ్ వెనకే, మూరెడు దూరంలో నిలబెట్టాడు. అంత దగ్గర దేనికన్నాను. మేనకోడలు టేపు పెట్టి ఆయన కంటినుంచి తెర దాకా కొలిచి, ఆ అంకెను ఆటలో కొట్టి చూపించింది. దూరంగా తెర పెట్టి చుట్టుపక్కలంతా అందులో ఇరికిస్తే, మలుపులు ఉన్నదానికంటే దూరంగా, రోడ్డు ఉన్నదానికంటే సన్నగా కనిపిస్తాయట. సరిచేశాక ఆయన ఒక చుట్టు తిరిగి, "ఇప్పుడు మలుపు మలుపంత ఉంది" అన్నాడు. ఎడమపక్క కనపడదు కనుక తెరను నాలుగు వేళ్ళు కుడికి జరిపాడు. పక్కన బండి వస్తే తెర అంచున ఎర్రబాణం వెలుగుతుంది. ఎడమపక్క వెలగాల్సిన బాణాన్ని కూడా తెచ్చి కుడిమూల పెట్టింది మేనకోడలు.

ఆయన డ్యూటీ పదింటికి. ఏళ్ళ అలవాటుకొద్దీ ఐదింటికే మెలకువ. అంచేత రోజూ ఆరు నుంచి ఏడున్నర దాకా ఆ కుర్చీలోనే. రెండు వారాల్లో రెండు నిమిషాలకు వచ్చాడు. నెలకు నిమిషం యాభై ఎనిమిది. అక్కడ బండి మొరాయించినట్టు ఆగిపోయింది. పదిరోజులు తిరిగినా అదే యాభై ఎనిమిది.

మేనకోడలు వచ్చి ఆయన నడుపుతుంటే వెనకనుంచి చూసింది. రెండు ల్యాపులు చూశాక, "మావయ్యా, ఆ చేతులేంటి?" అంది.

బస్సు స్టీరింగ్ పెద్దది. మలుపు తిప్పాలంటే ఒక చేత్తో లాగి, రెండో చేత్తో అందుకుని, నాలుగైదుసార్లు మార్చుకోవాలి. ఆయన ఇక్కడా అదే చేస్తున్నాడు. చిన్న స్టీరింగ్ మీద చేతులు పిండి పిసుకుతున్నట్టు ఆడుతున్నాయి. ఆమె స్టీరింగ్‌కు ఇటొక ముక్క, అటొక ముక్క ఎర్రటేపు అంటించింది. "చేతులు ఈ రెండింటి మీంచి కదలకూడదు. స్టీరింగ్ మొత్తం తిరిగే కొలతను సగానికి తగ్గిస్తాను. చేతులు తియ్యకుండానే ఏ మలుపైనా తిరుగుతుంది."

తర్వాత తనే కూర్చుని ఒక చుట్టు తిరిగి చేతులు విదిలించుకుంది. "ఇంత బరువు పెట్టుకున్నావేంటి? ఎవరు పెట్టారిది?"

"నేనే. స్టీరింగ్ అన్నాక బరువుండొద్దూ?"

ఆ స్టీరింగులో మోటారు ఉంటుంది. టైరు రోడ్డును ఎంత పట్టుకుందో ఆ మోటారు చేతికి చెబుతుంది. ఆయన దాన్ని పూర్తిగా పెంచేశాడు. ఆమె తెర మూల ఒక చిన్న పట్టీ తెరిచి చూపించింది. చిన్న మలుపుకూ పెద్ద మలుపుకూ అది పైదాకా వెళ్ళి ఎర్రబడుతోంది.

"ఇది ప్రతిమాటా అరిచి చెప్తోంది మావయ్యా. అరుపు మీద ఇంకెంత అరుస్తుంది? టైరు జారబోతున్నప్పుడు చెప్పే చిన్నమాట నీకు వినపడట్లేదు."

సగం తగ్గించింది. ఆయన కూర్చుని మూడు మలుపులు తిరిగాడు. నాలుగో దాంట్లో కావాలని కొంచెం వేగంగా వెళ్ళాడు. చేతిలో స్టీరింగ్ ఒక్కసారి తేలికైంది. వెంటనే కాలు తీసి బండిని నిలబెట్టుకున్నాడు. "తడి రోడ్డు మీద ముందుచక్రాలు వదిలేసినప్పుడు ఇట్లాగే ఉంటుంది" అన్నాడు. ఆ కుర్చీలో కూర్చున్న తర్వాత ఆయన తన బస్సు సంగతి ఎత్తడం అదే మొదలు.

ఆ వారం యాభై ఆరుకు దిగాడు. టైర్ల పని ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ల్యాపు అయ్యాక టైరు లోపలి అంచు, నడుమ, బయటి అంచు ఎంతెంత వేడెక్కాయో ఆట చూపిస్తుంది. ఆయన ఒక్క చూపు చూసి, "ముందు కుడిది లోపలికి ఎక్కువ వాలింది, గాలి కూడా ఎక్కువే" అన్నాడు. స్టోరులో రోజూ చేతితో తడిమి చూసేది అదే కదా. వాలు కొంచెం తగ్గించి, గాలి కొంచెం తీసి యాభై ఐదుకు వచ్చాడు. తూటా తన బండి సెట్టింగులు కూడా తెచ్చి చూపించుకోవడం మొదలుపెట్టాడు.

ట్రాకు మీద మలుపులకు ఏవో విదేశీ పేర్లున్నాయి. అవి ఆయన నోటికి తిరగలేదు. మా రూటు స్టాపుల పేర్లు పెట్టుకున్నాడు. మొదటి పదునైన మలుపు ఆసుపత్రి. వరసగా వచ్చే రెండు వంకరలు కూరగాయల మార్కెట్. పొడుగాటి దిగుడు తర్వాత వచ్చేది రైల్వే గేటు. చివరిది పాలకేంద్రం. ఒక పాత డ్యూటీ పుస్తకంలో రోజుకు ఒక్క స్టాపు రాసుకుని, ఆ రోజంతా ఆ ఒక్క మలుపు మీదే పని. మిగతా ట్రాకు ఎట్లా పోయినా పట్టించుకునేవాడు కాదు. మొదట్లో నవ్విన మేనకోడలు కూడా పదిహేను రోజుల్లో, "మార్కెట్ దగ్గర గేరు తొందరగా వేస్తున్నావు" అనడం మొదలెట్టింది.

బ్రేకు మాత్రం రెండు నెలలు పట్టింది. బస్సులో బ్రేకు మెల్లగా మొదలై గట్టిపడాలి. రేసు బండిలో అంతా తలకిందులు. మొదటి తాకిడే బలంగా ఉండాలి, ఆపైన మలుపులోకి దిగుతూ కొంచెం కొంచెం వదలాలి. ఇది ఆయనకు అర్థం కాక కాదు. నాకు గీత గీసి మరీ చెప్పాడు. కాలే వినేది కాదు. పెడల్ వెనక గట్టి రబ్బరుముక్క పెట్టి చూశాడు, చెప్పులు విప్పి చూశాడు, సాక్సులతో చూశాడు. మేనకోడలు లెక్కలు చూపించింది. ప్రతి పెద్ద మలుపుకూ ఆమెకన్నా బస్సు పొడవంత ముందే ఆయన బ్రేకు మొదలవుతోంది. మూడు సెకన్లు అక్కడే పోతున్నాయి.

ఒకరోజు ఆ అమ్మాయికి విసుగొచ్చింది. "మావయ్యా, ఎందుకంత భయం? నీ వెనక ఎవరూ నిలబడి లేరు."

ఆయన స్టీరింగ్ మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మెల్లగా తల తిప్పి నన్ను చూశాడు. నేను ఆయన కుర్చీ వెనక, ఎడమభుజం పక్కన నిలబడి ఉన్నాను. ఆ ఇంటికి వచ్చిన ప్రతిసారీ అక్కడే నిలబడతాను. బస్సులో నా చోటు అది.

"తమ్ముడూ, ఏమీ అనుకోకు. కాసేపు ఇట్లా పక్కన కూర్చో" అన్నాడు.

నేను మోడా లాక్కుని ఆయన కుడిపక్క కూర్చున్నాను. ఆయన బండి కదిపాడు. ఆసుపత్రి మలుపు వచ్చింది. వంద మీటర్ల బోర్డు దాటాక కూడా బ్రేకు వెయ్యలేదు. నాకే కాలివేళ్ళు ముడుచుకున్నాయి. అప్పుడు తొక్కాడు. గోడకు ఆనించిన పలక కిర్రుమంది. బండి ముక్కు దించి మలుపులోకి దూరి, అవతలి అంచును ముట్టుకుని బయటపడింది. ఆ ల్యాపు నిమిషం యాభై రెండూ పాయింటు ఎనిమిది. ఆ తర్వాత నేను వెనక నిలబడ్డా ఏమీ తేడా రాలేదు. అయినా నేనే పక్కన కూర్చోవడం అలవాటు చేసుకున్నాను.

యాభై ఒకటీ నాలుగు దగ్గర ఆయన నిలిచాడు. అక్కణ్ణించి ఎంత గింజుకున్నా దిగలేదు. దిగకపోయినా పెద్దగా బాధపడలేదు కూడా. "వాళ్ళకి ఇరవై ఆరు. నాకు యాభై రెండు. రెండు సెకన్లు ఇచ్చుకుంటే తప్పేంటి?" అనేవాడు. కానీ డ్యూటీ పుస్తకం తిరగేస్తే ఇంకోటి కనపడింది. వరసగా ఇరవై ల్యాపులు తిరిగితే మొదటిదానికీ ఇరవయ్యోదానికీ అర సెకను తేడా లేదు. తూటా ఒకటి నలభై తొమ్మిదిలో తిరిగి, రెండోదాంట్లో పచ్చికలో దొర్లేవాడు.

ఏడాది తిరిగాక ఆరుగంటల టీము రేసు వచ్చింది. టీముకు ముగ్గురు, బండి మాత్రం ఒకటే. డ్రైవరు మారినప్పుడు బండి ఒక ఇంట్లోంచి ఇంకో ఇంటికి మారుతుంది. మేనకోడలి టీములో మూడో మనిషికి మణికట్టు బెణికింది. ఆమె గడియారానికి ఫోన్ చేసింది.

"నాకన్నా వేగంగా నడిపేవాళ్ళు నీకు ఎంతమంది దొరకరు?" అన్నాడాయన.

"దొరుకుతారు. రెండుగంటలు గుద్దకుండా నడిపేవాళ్ళే దొరకట్లేదు."

"వదినతో మాట్లాడి చెప్పు" అన్నాను నేను పక్కనుంచి. వదిన అక్కడే బట్టలు మడతపెడుతోంది. "ఆయన ఒప్పుకున్నట్టే. చెవులు ఎర్రబడ్డాయి చూడు" అంది.

ఆదివారం ఉదయం తొమ్మిదింటికి రేసు మొదలైంది. ఇరవై తొమ్మిది బళ్ళు. మొదట తూటా. గంటసేపు నాలుగో స్థానంలో ఉండి మా అందరికీ ఆశపెట్టాడు. తర్వాత రైల్వే గేటు దగ్గర ఇద్దర్ని ఒకేసారి దాటబోయి గోడకు గుద్దాడు. బాగుచేయించుకుని వచ్చేసరికి ఇరవై నాలుగు. మేనకోడలు నోరు నొక్కుకుని రెండుగంటలు నడిపి పద్దెనిమిదికి తెచ్చింది. ఒంటిగంటకు బండి మా గడియారం చేతికొచ్చింది.

చెవులకు పెట్టుకున్న దాంట్లోంచి మేనకోడలి మాటలు నాకు సన్నగా వినపడుతున్నాయి. "మావయ్యా, ఎవరితోనూ పోటీ పడకు. నీ టైము నువ్వు తిరుగు." "అట్లాగే" అన్నాడు. యాభై రెండూ ఒకటి. యాభై రెండూ మూడు. యాభై రెండూ రెండు. వెనకనుంచి వేగంగా వచ్చేవాళ్ళకు దారిచ్చాడు. పెట్రోలు పొదుపు కోసం దిగుడులో కాలు ముందే తీసి బండిని జారనిచ్చాడు. ఎర్రబాణం వెలిగితే కుడికో ఎడమకో బండి వెడల్పంత చోటు వదిలాడు. గంటలో పదిహేనుకు వచ్చాడు. పెట్రోలుకు ఒక్కసారి ఆగి మళ్ళీ బయల్దేరాడు.

ఆ తర్వాత నాలుగు ల్యాపులకు టేబుల్ అంచు దగ్గర 'పట్' మని చప్పుడైంది. స్టీరింగ్‌ను బిగించే మర మెలి అరిగిపోయింది. కుడిపక్క పట్టు వదిలేసి స్టీరింగ్ మొత్తం పైకి లేస్తోంది. ఆయన మోకాలితో నొక్కిపట్టి ఆ మలుపు ఎట్లాగో దాటాడు.

"తమ్ముడూ, కింద మర వదిలింది."

"బిగించనా?"

"బిగవదు, తిరుగుతూనే ఉంటుంది. పట్టుకోగలవా?"

నేను టేబుల్ కిందికి దూరాను. నాకు నలభై ఆరేళ్ళు, చిన్న పొట్ట కూడా ఉంది. మోకాళ్ళు ముడుచుకుని, తల పలకకు ఆనించి, రెండు చేతులతో ఆ ఇనుపకొక్కేన్ని పైకి అదిమిపట్టాను. వదిన వచ్చి నా తలకింద దిండు పెట్టింది. "ఎంతసేపు?" అంది. "యాభై నిమిషాలు" అన్నాడాయన, తెరమీంచి చూపు తిప్పకుండానే.

కిందనుంచి నాకు ఆయన పాదాలు తప్ప ఏమీ కనపడవు. కానీ మోటారు వణుకు కొక్కెంలోంచి నా చేతుల్లోకి వస్తోంది. రెండు ల్యాపులు కాగానే ఎక్కడున్నామో నాకు తెలిసిపోయింది. పలక కిర్రుమంటే ఆసుపత్రి. ఇటూ అటూ రెండు గుంజులాటలు మార్కెట్. చాలాసేపు ఊరికే ఉండి, ఒక్కసారి బరువంతా నా ఎడమచేతి మీద పడితే రైల్వే గేటు. కుడికాలు మెల్లగా, నూలు వడికినట్టు బ్రేకును వదలడం చూస్తూ పడుకున్నాను. చేతులు తిమ్మిరెక్కాయి. వదిన గంటకొట్టినట్టు పది నిమిషాలకోసారి వంగి నా మొహం చూసి వెళ్ళింది. ఒకసారి నోట్లో నీళ్ళు పోసింది, కొంచెం మెడలోకి పోయింది.

చివరి పావుగంటలో ముందున్న బళ్ళు ఒక్కొక్కటీ పెట్రోలుకు మళ్ళీ ఆగాయి. మా బండికి ఆ అవసరం రాలేదు. ఈయన ఒక్కో దిగుడులో మిగిల్చిన చుక్కలే చివరిదాకా లాక్కొచ్చాయి. మేనకోడలు అంకెలు చెబుతోంది. పదమూడు. పన్నెండు. పదకొండు. పాలకేంద్రం మలుపు తిరిగి, గీత దాటి, ఆయన కాళ్ళు రెండూ పెడల్స్ మీంచి తీసి నేల మీద పెట్టాడు. "ఇక వదిలెయ్యి తమ్ముడూ" అన్నాడు. వదలడానికి నా వేళ్ళు తెరుచుకోలేదు. ఆయనా వదినా కలిసి నన్ను బయటకు లాగారు.

పదకొండో స్థానం. దానికి కప్పులూ పతకాలూ లేవు. ఫలితాల పట్టికలో బళ్ళన్నిటికీ ల్యాపుల వివరాలు వేశారు. వేరే టీమువాళ్ళెవరో అందులో మా బండి చివరి రెండుగంటల గీతను చూసి, అంత సాఫీగా ఉన్నది మనిషి నడిపినదేనా అని అడిగారు. సాయంత్రం తూటాను వెంటబెట్టుకుని వచ్చిన మేనకోడలు ఆ మాట చదివి వినిపించింది. "బస్సు డ్రైవరని చెప్పు" అన్నాడు గడియారం. చెప్పింది. వచ్చిన జవాబులో, తమ టీములోకి వస్తారా అని ఉంది. ఆయన రానన్నాడు. "మన కుర్రాడికి ఎవరో ఒకరు వెనక తుడిచేవాళ్ళు ఉండాలిగా" అన్నాడు. తూటా తలవంచుకుని నవ్వాడు. ఆ తర్వాత నాలుగు ఆదివారాలు వచ్చి, బండిని జారనివ్వడం ఎట్లాగో ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నాడు.

మరుసటి ఏడు కుడికన్ను పరీక్షలో, అందులోనూ పొర ఒకచోట పలచబడిందన్నారు. ఊడకముందే లేజరుతో చుట్టూ అతికించారు. మూడు వారాలు తెర చూడకూడదు, తల వంచకూడదు, బరువులెత్తకూడదు. నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు కంటికి గంత కట్టుకుని వరండాలో కూర్చున్నాడు. వదిన ల్యాబుకు వెళ్ళింది.

"ఇదీ పోతే?" అన్నాడు.

"డాక్టరేమన్నాడు?" అన్నాను.

"పోకపోవచ్చన్నాడు. నూటికి తొంభై పైన పోదట." గంత సర్దుకుని, "ఆ తొంభైలో ఉంటాననే అనుకుంటున్నాను. రోజూ పొద్దున లేవగానే గంత తీసి గోడమీద స్విచ్చిబోర్డు చూస్తాను. నాలుగు మూలలూ కనపడితే ఆ రోజుకు సరి" అన్నాడు.

భయం ఉందని ఆయన ఒప్పుకోగా విన్నది అదొక్కసారే. నేను రెండు గ్లాసుల టీ పెట్టుకొచ్చాను. ఒకటి ఆయన చేతిలో పెట్టి వేళ్ళు మూశాను. డిపోలో కొత్తగా వచ్చిన టైర్లు మూడునెలలకే బీటలు వారుతున్నాయని చెప్పాను. ఏ నంబరువని అడిగాడు. చెప్పాను. ఆ సరుకు నీడలో పెట్టలేదేమో చూడమన్నాడు.

మూడు వారాలయ్యాక డాక్టరు తెర చూడొచ్చన్నాడు, రోజుకు అరగంట మించకుండా. మొదటిరోజు ఆయన నిమిషం యాభై మూడూ తొమ్మిదిలో తిరిగాడు. రెండు సెకన్లకు పైగా వెనక్కి పోయాడు. వదిన వంటింట్లో టైము పెట్టే గంట తెచ్చి టేబుల్ మీద పెట్టింది. అరగంటకు అది మోగితే, ల్యాపు సగంలో ఉన్నా సరే బండి పక్కకు తీసి ఆపేస్తాడు. యాభై రెండుకు రావడానికి నెలన్నర పట్టింది. మొన్న వెళ్ళేసరికి యాభై రెండులోనే ఉన్నాడు. డ్యూటీ పుస్తకంలో కొత్త పేజీ తీసి, పైన 'మార్కెట్, రెండో వంకర' అని రాసుకుంటున్నాడు.